గోడ మీద కుడిచెయ్యి

మా అత్త కుడిచెయ్యి ఆమెకే చెయ్యిచ్చిన ఎండాకాలంలో నేను రెండు చేతులూ నల్లగా చేసుకునే విద్య ఒకటి నేర్చుకున్నాను.

ఎనభయ్యొకటో సంవత్సరం మాట. అప్పుడు నేను పుంగనూరులో ఆడపిల్లల బడికి కుట్టు టీచర్ని. విజయమ్మ చేత్తో బట్టల్ని, నోటితో మనుషుల్ని కుడుతుందని తోటి టీచర్లు అనేవాళ్ళు. అబద్ధమేం కాదు. ఒక మాట చేతికి దొరికిందంటే దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, లోపలి కుట్టు బయటపడేదాకా వదిలేదాన్ని కాదు.

మా అత్త పేరు కుప్పమ్మ. ముందు పుట్టినవాళ్ళు దక్కలేదని, ఈమెను పుట్టగానే కుప్ప మీద పడుకోబెట్టి మళ్ళీ తెచ్చుకుని ఆ పేరు పెట్టినారంట. కూతురు రమణమ్మను ఇచ్చింది కుప్పంలో. 'కుప్పమ్మ కూతురేమో కుప్పం చేరె, కోడలేమో పనిలో కుప్పకూలె' అని ఒకసారి నేనంటే, మా ఆయన నాగప్ప నవ్వబోయి, వాళ్ళమ్మ ముఖం చూసి, సగం నవ్వును సంగటి ముద్దతో పాటు మింగేసినాడు.

ఆ కుప్పమ్మకు ఉగాదికి ముందు పక్షవాతం వచ్చింది. పక్షవాతం కూడా ఆమె పక్షమే గాబోలు, నోటి జోలికి పోలేదు. కాలు కొంచెం తేరుకుంది. ఎడమచేత కట్టె పట్టుకుని గొడ్లకొట్టందాకా నడిచేది. కుడిచెయ్యి మాత్రం తడిగుడ్డ మాదిరి వేలాడేది. కట్టె పట్టుకునే ఆ ఎడమచేత్తో ముద్ద ఎత్తమంటే ఎత్తేది కాదు. ఆ చెయ్యి నోటికి తెచ్చేదానికంటే పస్తుండేది మేలనేది. పొద్దునా రాత్రీ నేను తినిపిస్తే, మధ్యాహ్నం మా ఆయన తినిపించేవాడు.

సోమల దోవలో, ఊరి కొసన మా ఇల్లు. ఇంటిని ఆనుకుని మట్టిగోడల కొట్టం. ఆ కొట్టం గోడ మీద మా అత్త చేతులుండేవి. ఆవు ఈనినప్పుడల్లా ఆమె జాజులో, అంటే అరుగులకు పూసే ఎర్రమట్టిలో, కుడిచెయ్యి ముంచి గోడకు ఒక ముద్ర వేసేది. వాళ్ళత్త వేసిందంట, ఈమె వేసింది. సున్నం కొట్టేటప్పుడు ఆ ముద్రల చుట్టూ తిప్పి కొట్టేవాళ్ళం. చెయ్యి పడని కొట్టంలో పాడి నిలవదని ఆమె నమ్మకం.

అప్పటికి మిగిలింది ఒక్క ఆవే. బుడ్డి. మా పుంగనూరు పొట్టిజాతి. నా నడుము ఎత్తు కూడా లేదు గానీ పొగరు మాత్రం ఏనుగంత. నిండు చూలుతో ఉంది. మంచం పట్టినప్పటి నుంచి మా అత్త కొట్టం వాకిట్లో నులకమంచం వేయించుకుని రోజంతా దానితోనే మాట్లాడేది. ఊరి సంగతులు, నా సంగతులు, ముఖ్యంగా నా సంగతులు.

అట్లాంటిది, ఒకరోజు పొద్దున్నే మమ్మల్నిద్దర్నీ పిలిచింది.

"ఈ చెయ్యి ఇంగ లెయ్యదు. ఎడంచెయ్యి గోడకు ఆనించే ఇల్లు గాదిది. నేనుండంగా ఇంగొక చెయ్యి పడగూడదు. బుడ్డి ఈనేలోగా రమణమ్మకాడికి తోలెయ్యండి."

మా ఆయన ఏదో చెప్పబోయినాడు. ఆమె అప్పటికే ముఖం గోడవైపు తిప్పుకుంది.

ఇంకొక చెయ్యి అంటే నాదే. ఇంట్లో వేరే ఎవరి చెయ్యి ఉంది గనక. నాకు పిల్లల్లేరు. ఆ మాట మా అత్త నన్ను ఎప్పుడూ అనలేదు. అనకపోవడం కూడా ఒకరకంగా అనడమే. కొట్టంలో పేడ తీసేదానికి పనికొచ్చిన చెయ్యి గోడకు పనికిరాదా అని నేనూ ఎప్పుడూ అడగలేదు. అన్ని మాటలనే నేను ఆ ఒక్కమాటా అనలేదు.

బుడ్డి పోతే ఏమవుతుందో నాకు కనిపిస్తూనే ఉంది. మంచం తిరిగి ఇంట్లోకి వస్తుంది. ఆమె గోడవైపు తిరిగి పడుకుంటుంది. ఇంక లేవదు.

కుప్పంలో రాళ్ళ లారీ నడిపే అల్లుడు వెంకటమునికి కబురుపోయింది. మదనపల్లెవైపు లోడు దొరికినప్పుడు వచ్చి తోలుకుపోతానన్నాడు.

ఆ గడబిడలోనే నాకు మదనపల్లె శిబిరం తగిలింది. డ్రాయింగు, క్రాఫ్టు టీచర్లకు ఎండాకాలం సెలవుల్లో అచ్చుబొమ్మలు నేర్పిస్తారని చెప్పినారు. మా డ్రాయింగు మేడం నెలలు నిండి ఉంటే, ఆ గీతలు నా తలరాతలో పడినాయి. రోజూ పొద్దున బస్సు, సాయంత్రం బస్సు.

సెలవుల్లో ఖాళీగా ఉన్న ఒక పెద్ద తరగతి గది. బల్లల మీద గాజుపలకలు, సిరా డబ్బాలు, రబ్బరు రోలర్లు. నేర్పించేదానికి కోలారువైపు నుంచి నల్లప్ప అనే ఆయన వచ్చినాడు. పేరు పెట్టినవాళ్ళకు ఆయన ఏం పని చేస్తాడో ముందే తెలిసినట్టుంది, గోళ్ళ సందుల్లో కూడా సిరానే. నేను మొదటిరోజే సిరాను చీరకెక్కించుకున్నాను. 'సిరా చీరా ఒకే బళ్ళో చదువుకున్నాయి సార్' అంటే ఆయనకు అర్థం కాక, అర్థమయ్యాక, కిటికీకాడికి పోయి నవ్వుకొచ్చినాడు.

ఆయన చూపించింది ఇదీ. గాజుపలక మీద సిరా పోసి రోలరుతో పలచగా పరచాలి. దాని మీద అగ్గిపుల్లతో, గుడ్డపేలికతో, వేలితో ఏం కావాలంటే అది గీయాలి, తుడవాలి. తడి ఆరీ ఆరని కాగితం పైన పరిచి, గరిటె వెనకతో మెల్లగా రుద్దాలి. ఒక మూల పట్టుకుని ఎత్తాలి. బొమ్మ కాగితం మీదికి వచ్చేస్తుంది. పలక మీద మిగిలేది ఏమీ ఉండదు.

"మోనోప్రింటంటే ఒంటికాన్పు తల్లమ్మా," అన్నాడు నల్లప్ప. "ఒక్కటే బిడ్డ. రెండోది తీస్తే దాని నీడ వస్తాది అంతే."

నేను మొదట నా పేరు రాసి తీసినాను. తిరగబడి వచ్చింది. గదిలో అందరి పేర్లూ తిరగబడే వచ్చినాయి. నలభై దాటిన పంతుళ్ళం, ఎవరి పేరు వాళ్ళే చదువుకోలేక మెడలు వంచుకుని చూస్తా ఉంటే నల్లప్ప అద్దం ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టినాడు.

ఆ రోజు నుంచి నాకు పిచ్చి పట్టింది. కనిపించినదల్లా అచ్చు తీయాలనిపించేది. మల్బరీ ఆకును సిరా మీద పెట్టి తీస్తే ఆకు తెల్లగా, ఈనెలు వెంట్రుకల్లా వచ్చినాయి. తమాటా సగం కోసి అద్దితే దాని గింజల గదులు కోటబురుజుల మాదిరి పడినాయి. మెత్తగా రుద్దితే ఒకరకం, గట్టిగా రుద్దితే ఒకరకం. ఎట్లా వస్తుందో ఎత్తేదాకా తెలియదు. ఆ మూల పట్టుకుని ఎత్తే క్షణం కోసం రానూపోనూ బస్సులో నిలబడి పోయినా బాధనిపించేది కాదు.

ఇంటికొస్తే మా అత్త నా చేతులు చూసి బుడ్డితో చెప్పేది. "సూడే, మదనపల్లెలో బొగ్గులంగడి పెట్టినట్టుండాది నీ టీచరమ్మ."

నేను కాగితాలు చూపించేదాన్ని. చూడనట్టే చూసేది. తమాటా బొమ్మను మాత్రం చాలాసేపు పట్టుకుంది. ఇది దేనిదో చెప్పొద్దని నన్ను వారించి, తనే తేల్చుకుంది. తేల్చుకున్నాక, పండును తినకుండా తగలేసినందుకు తిట్టింది.

శిబిరం సగం గడిచినాక ఒకరోజు నల్లప్ప ఎవరి చెయ్యి వాళ్ళనే అచ్చు తీయమన్నాడు. చేతికి సిరా పూసుకుని పలక మీద ముద్ర వేసి, ఆ ముద్రను కాగితం మీదికి ఎత్తాలి. అప్పటికి అన్నాలవేళ దగ్గరపడింది. కుడిచేతికి సిరా అంటితే అన్నంలో సిరా వాసనే. అందుకని ఒకరికొకరం చెప్పుకోకుండానే గదిలో అందరమూ ఎడమచేతికే పూసుకున్నాం. ఎత్తి గోడకు వరసగా తగిలించినాం.

నల్లప్ప వరస చివరిదాకా నడిచి, వెనక్కి వచ్చి, మా టిఫిను క్యారియర్ల వైపు చూసి నవ్వినాడు.

"అందరూ ఎడంచెయ్యి పూసినారు. గోడ మీద యా చెయ్యుండాది సూడండి."

బొటనవేళ్ళన్నీ ఎడమవైపుకు ఉన్నాయి. అన్నీ కుడిచేతులే.

మిగతావాళ్ళు చేతులు కడుక్కునేదానికి పోయినారు. నేను పోలేదు. నా ఎడమచేతిని కాగితం పక్కన పెట్టుకుని చూస్తా నిలబడినాను. కాగితం మీద ఉన్నది నా గీతలే, నా వేళ్ళే, మా అమ్మ నాకు చిన్నప్పుడు కాల్చిన వాతే. కానీ కుడిచెయ్యి. ఆ రోజు అన్నం తిన్నానో లేదో గుర్తులేదు.

ఇంటికొచ్చి పొయ్యి మీది మసి ఆముదంలో కలిపినాను. పాత కిటికీ గాజు ఒకటి కడిగి మా అత్త మంచం మీద పెట్టినాను. చెయ్యి ఇమ్మన్నాను. యాల అని అడిగింది. చూద్దువు ఇమ్మన్నాను. మొగుడు పిలిస్తేనే ఎందుకని అడిగిన మనిషి, ఆ రోజెందుకో ఎడమచెయ్యి చాపింది. పూసి, అద్ది, కాగితం పరిచి, రుద్ది, ఎత్తి ఆమె ఒళ్ళో పెట్టినాను.

"ఏందే ఇది?"

"నీ చెయ్యే అత్తా."

"నా చెయ్యని తెలుస్తాండాది. యా చెయ్యి?" ఆమె ఎడమ అరచేతికి అడ్డంగా ఎప్పటిదో కొడవలి గాటు ఉండేది. కాగితంలో దానిమీద వేలు పెట్టింది. "ఈ గాటు ఎడంచేతిది గదా. కుడిచేతిలోకి ఎట్లొచ్చె?"

"అచ్చులో తిరగబడతాది."

"నన్నేమన్నా మాయ జేస్తాండావా?"

మాయ కాదు, మామూలే అన్నాను. మళ్ళీ చెయ్యమంది. చేసినాను. ఇంకోసారి చెయ్యమంది. తర్వాత నా కుడిచెయ్యి పెట్టమంది. అది ఎడమదై వచ్చింది. 'అయితే నీకు నష్టమే' అని మొదటిసారి నవ్వింది. మా ఆయన చెయ్యి తీయించింది, పక్కింటి చెంగమ్మ నిప్పుకోసం వస్తే ఆమె చెయ్యి కూడా వదల్లేదు. సాయంత్రానికి మంచం నిండా చేతులు. చేతులన్నీ ఆరేదాకా మా అత్త కూర్చుని, చివరికి ఆవువైపు చూస్తానే అడిగింది.

"కాయితం మీద సరే. గోడ మీద పడతాదా?"

 పడుతుందన్నాను. పడుతుందో లేదో నాకు తెలియదు.

మరుసటిరోజు పెరటి గోడ మీద పరీక్ష. జాజును నీళ్ళల్లో కలిపి గాజు మీద పూస్తే, ఆ ఎండకు నేను గోడదాకా నడిచేలోపలే ఎండి పొట్టు రాలింది. ఆముదంలో కలిపినాను. ఈసారి ఎండలేదు. మట్టిగోడ ఎగుడుదిగుడు, గాజు చదును. అదిమినాను. టప్పుమంది. గాజు రెండు ముక్కలు.

మా అత్త మంచం మీది నుంచే వినింది. "పగిల్తే పగల్నీ. దేవుని పని తిరగేసి చేసేది యాడన్నా ఉండాదా," అని బుడ్డితో చెప్పింది. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండు అనిపించింది.

నల్లప్పను అడిగినాను. గోడ వంకరైతే పలక కూడా వంగాలన్నాడు. రంగు పీల్చనిది, గోడ వంపుకు వంగేది ఏదైనా పలకేనమ్మా అన్నాడు. గోడను ముందు తడి చెయ్యమన్నాడు. దారి పొడుగునా ఆలోచించినాను, మా ఇంట్లో నునుపుగా ఉండి వంగేది ఏముందని. నేను తప్ప అందరూ వంగేవాళ్ళే గానీ నునుపైన వాళ్ళు లేరు.

అప్పుడు గుర్తొచ్చింది. అంతకుముందు చలికాలంలో దగ్గు తగ్గకపోతే నాకు ఎక్స్‌రే తీసినారు. ఆ ఫిల్ము ట్రంకుపెట్టె అడుగున ఉంది. నల్లగా, నున్నగా, నా పక్కటెముకలతో సహా. పెరటి గోడ తడిపి, నా చేతితోనే చేసి చూసినాను. అచ్చు ముక్క పోకుండా పడింది. 'అచ్చొచ్చింది' అని నేను అరిస్తే, ఏ పాడావో ఇంటికి అచ్చొచ్చిందనుకుని మా ఆయన పరిగెత్తుకొచ్చినాడు. మా అత్త వచ్చి చూసింది.  కట్టె తిప్పుకుని వెళ్ళిపోయింది.

వెంకటముని లారీ వచ్చిన రోజు శిబిరానికి ఆఖరిరోజు. నేను పోలేదు. లారీలో గడ్డి పరిచి, బుడ్డిని ఎక్కించేదానికి పలక వేసి, అన్నం తిని తోలుకుపోదామని మా ఆయనా వెంకటమునీ లోపలికొచ్చినారు. నేను విస్తళ్ళు వేస్తా ఉండగా కొట్టంలో నుంచి మా అత్త కేక. మనిషిని పిలిచే కేక కాదది.

పోయేసరికి బుడ్డి పడుకుని నొప్పులు తీస్తా ఉంది. అన్నాలు అట్లే ఉండిపోయినాయి. ఎండ వాలకముందే ఈనింది. పెయ్యదూడ. పిల్లి ఎత్తు ఉందేమో, వణుకుతా లేచి నిలబడింది. బుడ్డి దాన్ని నాకుతా ఉంది.

ఎవరమూ గోడవైపు చూడలేదు. అందరికీ గోడే గుర్తుంది. ఈనింది ఈ కొట్టంలోనే, గోడ మీద చెయ్యి లేదు. వెంకటముని మెల్లగా, ఇంగ తల్లీబిడ్డను కలిపి తోలుకుపోతాలే అత్తా అన్నాడు. మా అత్త దూడనే చూస్తా ఉండింది. చూసి చూసి, నావైపు తిరగకుండానే అడిగింది.

"ఏమ్మే, నీ యెముకల బొమ్మ యాడ పెట్టినావు?"

నేను ట్రంకుపెట్టె దగ్గరికి ఎట్లా పోయినానో, ఎట్లా వచ్చినానో తెలియదు. మా ఆయన జాజులో ఆముదం కలిపినాడు. నేను బుడ్డి తల పక్కన గోడను తడిగుడ్డతో అద్దినాను. మా అత్త ఎడమచేతికి ఎర్రగా పూసి, ఫిల్మును నా తొడ మీద పరుచుకుని, ఆమె చేతిని దాని మీద పెట్టినాను. నా పక్కటెముకల నడుమ ఆమె వేళ్ళు.

"నా గుండె మీద చెయ్యేసినావు అత్తా," అన్నాను.

"నోరు మూసుకోని పట్టుకో. జారతాది."

గోడకు ఆనించి, గరిటె వెనకతో వేలు వేలుకూ రుద్దినాను. మూల పట్టుకుని ఎత్తినాను. ఎర్రగా, నిండుగా, బొటనవేలు ఎడమవైపుకు. నడుమ గాటు దగ్గర మాత్రం తెల్లటి గీత.

మా అత్త కట్టె ఆనుకుని దగ్గరికి వచ్చింది. తన చేతిని చూసింది, గోడను చూసింది. "కుడిదే," అని బుడ్డితో చెప్పింది.

వెంకటముని ఫిల్మును ఎండకెత్తి పట్టుకుని, ఇంకా కొంచెం రంగుంది, ఇంకొకటి వస్తుందేమో అన్నాడు. రెండోది నీడే వస్తుందని నేను నల్లప్ప మాట చెప్పబోయినాను. అంతలో మా అత్త నా ముఖంలోకి చూసింది.

"ఇది తిరగబడిన చెయ్యి. దాని పక్కన తిరగబడని చెయ్యొకటి ఉండల్ల. నువ్వు యాల చెయ్యి కొంగులో సుట్టుకోని నిలబడుండావు?"

మా ఆయన నావైపు చూసినాడు, ఏమంటానో అని.  కొంగులో నుంచి చెయ్యి తీసినాను. ఉత్త నీళ్ళల్లో కలిపిన జాజులో, ఆమె వేసే పద్ధతిలోనే, కుడిచెయ్యి ముంచి గోడకు ఆనించినాను. గోడ చల్లగా ఉంది.

"అదమొద్దు. ఆనించి తియ్యి. వేళ్ళు కలిపి పెట్టినావేంది, కొంచెం ఎడంగా పెట్టుండల్ల."

తీసినాను. రెండు కుడిచేతులు పక్కపక్కన.

బుడ్డి దూడను నాకడం ఆపి తల ఎత్తింది. ఆముదం వాసన తగిలిందేమో, మా అత్త చేతి జోలికి పోలేదు. గోడ మీది నా చేతిని మాత్రం వాసన చూసి, పొడుగ్గా నాలుక చాపి ఒక్క నాకు నాకింది. నా బొటనవేలు పోయింది.

మా ఆయన గిన్నె అందుకుని, ఇంకోసారి వెయ్యమన్నాడు. మా అత్త కట్టె అడ్డం పెట్టింది.

"వొద్దు. అది ఒప్పుకునింది. ఇంగ నువ్వు అంటేమి, నేనంటేమి."

వెంకటముని గడ్డి పరిచిన లారీవైపు చూసి, మరి నన్నేం చేయమంటారని అడిగినాడు. రాళ్ళేసుకోని పొమ్మంది మా అత్త. పాలు తీసేదాకా ఉండి, జున్నుపాల చెంబు ఒళ్ళో పెట్టుకుని కుప్పం పోయినాడు.

ఆ గోడకు తర్వాత ఎన్నిసార్లు సున్నం కొట్టినా ఆ రెండు చేతుల చుట్టూ తిప్పి కొట్టినాం. కొట్టంలోకి కొత్తవాళ్ళు వస్తే, ఇందులో ఒకటి అచ్చు, ఒకటి అసలు, ఏది అసలో చెప్పండని నేను పందెం వేసేదాన్ని. అందరూ అయిదు వేళ్ళున్నదాన్నే చూపించేవాళ్ళు.

అది కాదని, మా అత్త మంచం మీది నుంచే కట్టె ఎత్తి, బొటనవేలు లేనిదాన్ని చూపించేది.